ఒకే గొడవకు రెండు తీర్పులా?

ఎడిటర్ గారికి నమస్కారం.

వ్యాపార దావాల్లో తేలిన మేరకు ముందే తీర్పు ఇచ్చేసి, మిగతాది తర్వాత చూసుకుంటే కోర్టుల మీద భారం తగ్గుతుందని మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. రెండేళ్ల కిందటైతే కత్తిరించి మా లాయరు గారికి పంపేవాణ్ని. ఇప్పుడు ఒప్పుకోలేను, ఎందుకంటే ఆ ముచ్చట నేనూ తీర్చుకున్నాను, చేతి చమురు బాగానే వదిలింది.

మాది చర్లపల్లిలో చిన్న యూనిట్, అపార్ట్‌మెంట్లకి ఎలక్ట్రికల్ ప్యానెల్ బోర్డులు చేస్తాం. ఒక బిల్డరుకి ఒకే పర్చేజ్ ఆర్డరు మీద రెండు లోడ్లు పంపాం, మొదటిది 29 లక్షలు, రెండోది 19 లక్షలు. పైసా రాలేదు. (చిన్న పరిశ్రమల బాకీల గొడవలు తేల్చే ఎంఎస్ఎంఈ కౌన్సిల్‌కి ఎందుకు వెళ్లలేదని అడుగుతారేమో, సరుకు పంపేనాటికి మాకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు లేదు, అది నా బద్ధకం.) మీడియేషన్‌కి పిలిస్తే వాళ్లు రాలేదు, దావా వేశాం. బోర్డు లోపల కరెంటు మోసే రాగి పట్టీలు (బస్‌బార్లు) వేడెక్కుతున్నాయి, రాగి సైజు డ్రాయింగులో ఉన్నట్టు లేదు అంటూ వాళ్లు ఎదురు మామీదే 35 లక్షలకి కౌంటర్ క్లెయిమ్ వేశారు.

మొదటి లోడు చలాన్లన్నిటి మీదా వాళ్ల సైట్ ఇంజనీరు సంతకం, స్టాంపు ఉన్నాయి. రెండో లోడుకి అవి లేవు. ఇంకేం, ఆ 29 లక్షలకి ఇప్పుడే తీర్పు ఇప్పించండి, 19 మీద తీరిగ్గా కొట్లాడుకుందాం అని పట్టుబట్టింది నేనే. చట్టంలో దారి కూడా ఉంది. 2015 కమర్షియల్ కోర్టుల చట్టంతో సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 13ఏ చేర్చారు. ఇష్యూస్ ఫ్రేమ్ కాకముందే, అంటే ఏయే అంశాలు తేల్చాలో కోర్టు రాసుకోకముందే అడిగితే, అవతలివాడికి గెలిచే అవకాశం నిజంగా లేదని, సాక్షుల దాకా వెళ్లాల్సిన బలమైన కారణం ఇంకేదీ లేదని చూపిస్తే, మొత్తం క్లెయిమ్ మీదైనా, అందులో ఒక భాగం మీదైనా సమ్మరీ జడ్జిమెంట్, అంటే సాక్షుల విచారణ లేకుండానే తీర్పు ఇవ్వొచ్చు. 2018 సవరణ తర్వాత 3 లక్షల గొడవ కూడా కమర్షియల్ కోర్టుకే పోతోంది కాబట్టి ఇదేదో పెద్ద కంపెనీల సంగతి అనుకోకండి.

జడ్జి గారు మా లాయర్ని ఒకటే అడిగారు, రెండు లోడ్లలో వాడిన రాగి ఒకటేనా అని. ఒకటే. డ్రాయింగూ ఒకటే. మరి ఇవాళ మొదటి లోడుకి డిక్రీ ఇచ్చేసి, రేపు ట్రయల్లో అదే రాగి పనికిరాదని తేలితే ఆ డిక్రీని ఏం చేయాలన్నారు. మా దగ్గర జవాబు లేదు. చలాన్ మీద సంతకం సరుకు దిగిందని చెబుతుంది గానీ సరుకు బాగుందని చెప్పదు కదా, పాతికేళ్లుగా చలాన్లు రాస్తున్న నాకు ఈ ముక్క ఎందుకు తట్టలేదో!

అప్లికేషన్ కొట్టేశారు. అప్పటికి 11 నెలలు పోయాయి. హియరింగ్‌కి 30 రోజుల ముందు నోటీసు, జవాబుకి 30 రోజులు అని రూల్లో ఉంది, ఆపైన వాయిదాలు, ఈలోగా అసలు కేసు ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. పోనీ గెలిచామే అనుకోండి, వాళ్లు ఆ 29 లక్షల డిక్రీ మీద హైకోర్టుకి వెళ్లి స్టే అడిగేవాళ్లు, 19 లక్షల ముక్కా, కౌంటర్ క్లెయిమూ కింద కోర్టులో నడిచేవి, ఇద్దరు లాయర్ల ఫీజులు, అదే రాగి గురించి రెండు చోట్ల వాదన.

టొరంటోలో ఉండే మా మేనల్లుడికి చెబితే ఇది వాళ్ల దగ్గరా ఉన్న తలనొప్పేనని కొన్ని తీర్పులు పంపాడు. 2014లో కెనడా సుప్రీంకోర్టు హ్రైనియాక్ కేసులో సమ్మరీ జడ్జిమెంట్లని ధారాళంగా వాడుకోమంది. అయితే 2017లో బుటేరా కేసులో టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రపు అప్పీలు కోర్టు, పాక్షిక తీర్పు మాత్రం అరుదుగా ఇవ్వాల్సిందని, అసలు కేసు నుంచి తేలిగ్గా విడదీయగలిగి, త్వరగా, తక్కువ ఖర్చుతో తేలిపోయే అంశాలకే అది సరిపోతుందని చెప్పింది. 2020లో మాలిక్ కేసులో ఇంకో మెట్టు ఎక్కి, ముక్క చేస్తే ఖర్చు తగ్గుతుందని, కేసు త్వరగా ముగుస్తుందని, ఒకదానికొకటి పొంతన లేని నిర్ణయాలు రావని అడిగినవాడే చూపించాలంది. ఈ మూడు ప్రశ్నలు నన్ను మొదట్లో ఎవరైనా అడిగి ఉంటే మూడింట్లోనూ ఫెయిలయ్యేవాణ్ని.

అలాగని ముక్క తీర్పులు అసలే వద్దని కాదు. ఇంత అద్దె బాకీ ఉన్నామని లెటర్‌హెడ్ మీద రాసిచ్చి, డిపాజిట్ గురించి మాత్రమే పేచీ పెట్టేవాడి మీద ఆ ఒప్పుకున్న మేరకు డిక్రీ అడగండి, దానికి ఆర్డర్ 12 రూల్ 6 ఎప్పటినుంచో ఉంది. కాగితం చూస్తేనే కాలదోషం పట్టిందని తెలిసే పద్దునీ తీసి పక్కన పెట్టొచ్చు. కానీ ఆ సంతకం నాది కాదు, వాట్సాప్‌లో ఓకే అన్నది వేరే ఆర్డరు గురించి, డిస్కౌంటు ఫోన్లో ఒప్పుకున్నాడు, ఇలాంటివి అఫిడవిట్లతో తేలవు, మనిషిని బోనులో నిలబెట్టి అడగాల్సిందే. బిల్డరు కాంట్రాక్టర్ని, కాంట్రాక్టరు బిల్డర్ని చూపించే కేసుల్లో అయితే ఒకడి మీద ముందే తీర్పు ఇస్తే రెండోవాడి కేసు సగం అయిపోయినట్టే.

మీ వ్యాసంలో రాని విషయం ఇంకొకటుంది. డిఫెన్స్ నిలబడొచ్చు గానీ నిలబడే అవకాశం తక్కువ అని కోర్టుకి అనిపిస్తే, ఆర్డర్ 13ఏ రూల్ 7 కింద డబ్బు డిపాజిట్ చేయమని షరతు పెట్టొచ్చు. కేసు ముక్కలవదు, అవతలివాడు సాగదీయడానికీ జంకుతాడు. మేం అది అడగనే లేదు.

మా ఇష్యూస్ మూడు నెలల కిందట ఫ్రేమయ్యాయి. ఒక ఇంజనీర్ని తోడిచ్చి అడ్వొకేట్ కమిషనర్ని, అంటే కోర్టు తరఫున చూసొచ్చే లాయర్ని సైటుకి పంపండి, రాగి సైజు కొలిపించండి అని ఇప్పుడు అడిగాం. దానికి ఒక పూట చాలు.

ఇట్లు,
ఒక ప్యానెల్ బోర్డుల తయారీదారు,
చర్లపల్లి, హైదరాబాద్