శీనూ, ఈ సినిమా నువ్వు చూడాలి

మారతహళ్ళి, బెంగళూరు

ఒరే శీనూ,

అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నా. ఈ ఉత్తరం ఒక సినిమా కోసమే రాస్తున్నా. ఫోన్లో చెబితే "చూస్తాలేరా" అని పెట్టేస్తావు.

పేరు ‘బుల్‌బుల్ కెన్ సింగ్’. 2018లో వచ్చిన అస్సామీ సినిమా. తీసినామె రీమా దాస్. కథ, డైరెక్షన్, కెమెరా, ఎడిటింగ్, నిర్మాణం అన్నీ తనే! సినిమా కోర్సులేవీ చదవలేదు, నటి కావాలని ముంబై వెళ్ళిన మనిషి. అంతకుముందు తీసిన ‘విలేజ్ రాక్‌స్టార్స్’కి జాతీయ ఉత్తమ చిత్రం అవార్డొచ్చింది, మన దేశం తరఫున ఆస్కార్‌కీ పంపారు. రెండూ అస్సాంలో ఛాయ్‌గావ్ దగ్గర వాళ్ళ సొంతూరి వైపే, అక్కడి పిల్లలతోనే తీసింది.

బుల్‌బుల్, బానీ, సుమన్ అని ముగ్గురు. బుల్‌బుల్‌ని గాయనిని చెయ్యాలని వాళ్ళ నాన్న పట్టుదల. నలుగురి ముందు నిలబడితే ఆ పిల్లకి గొంతు పెగలదు. సుమన్ మెత్తనివాడు, తోటి మగపిల్లలు ‘లేడీస్’ అని ఏడిపిస్తుంటారు. వాడు కాస్త భయంలేకుండా నవ్వేది ఈ ఆడపిల్లలిద్దరి దగ్గరే. చాలాసేపు కథ పరుగెత్తదు. పొలాల్లో తిరుగుతారు, నీళ్ళలో దిగుతారు, ఎవరికి ఎవరంటే ఇష్టమో గుసగుసలాడుకుంటారు. కెమెరా పట్టుకున్నది ఊరి మనిషే కాబట్టేమో, పిల్లలు దాన్ని పట్టించుకోనే పట్టించుకోరు. నాకు అన్నిటికంటే ఆ తీరిక నచ్చిందిరా. అంతసేపు వాళ్ళతో తిరిగాం కాబట్టే తర్వాత జరిగేది మన ఇంట్లో పిల్లలకి జరిగినట్టు తగులుతుంది.

ఆడపిల్లలిద్దరూ తమకిష్టమైన అబ్బాయిలతో చాటుగా కలిసినప్పుడు కొందరు మగవాళ్ళు వచ్చి పట్టుకుంటారు, కొడతారు. సంగతి బడికి చేరితే బడివాళ్ళు ఆ ఆడపిల్లలనే వెళ్ళగొడతారు. బానీకి ఏమవుతుందో రాయను, నువ్వే చూడు.

చూశాక మా రూంలో పెద్ద గొడవ. కర్నూలు అబ్బాయి ఒకడు "పెద్దోళ్ళు అదుపులో పెట్టకపోతే ఎట్ల?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అదుపులో పెట్టడానికి వచ్చినవాడు ఫోను తీసి వీడియో ఎందుకు తియ్యాలి, చెయ్యి ఎందుకు చేసుకోవాలి? అర్ధరాత్రి దాటేదాకా వాదించుకున్నాం.

మన టెంతులో చెరువుకట్ట సంగతి గుర్తుందా? మనకి డ్రిల్లు సారు చేతిలో రెండు దెబ్బలతో పోయింది. మనతో మాట్లాడుతూ కనబడిన ఆ అమ్మాయిని మాత్రం బడి మాన్పించేశారు, ఏడాది తిరక్కుండా పెళ్ళి. మన క్లాసులో లెక్కలు అంత బాగా చేసేవాళ్ళు ఇంకెవరున్నార్రా? మన సార్లలో ఒక్కరైనా వాళ్ళ ఇంటికెళ్ళి "పిల్లని పంపండి" అని అడగలేదు.

ఇప్పుడు నువ్వూ సారువే. రేపు మీ స్టాఫ్‌రూంకి అట్లాంటి ఫిర్యాదొస్తే ముందు ఎవరితో మాట్లాడతావు? ఇంటికి కబురు పెట్టే లోపల ఆ పిల్లని కూర్చోబెట్టి, భయం తీర్చి, తన మాట వినేవాళ్ళు మీలో ఎవరున్నారు? ఊరికే అడగడం లేదు, జవాబు రాయి.

దసరాకి వస్తున్నా, ల్యాప్‌టాప్ తెస్తా. మీ హెడ్‌మిస్ట్రెస్ మేడంనీ, తెలుగు సారునీ పిలువు. అస్సామీ రాదని భయపడకు, కింద అక్షరాలొస్తాయి. తొమ్మిది, పది పిల్లలకి ఇది చూపించాలా వద్దా అన్నది మీరు చూశాకే తేల్చుకుందాం.

నీ
రమణ