ఊహాచిత్రాలు చాలు, ధూళి ఫొటోలు వేయండి

ఎడిటర్ గారికి,

ఎక్కడో ఒక నక్షత్రం చుట్టూ కొత్త గ్రహం దొరికిందని వార్త రాగానే పత్రికల్లో నీలంగా మెరిసే బొమ్మ ఒకటి వస్తుంది. అది ఎవరో ఊహించి గీసింది, ఆ మాట చాలాసార్లు కింద రాయరు కూడా. నక్షత్రాల చుట్టూ ఉన్న ధూళి డిస్కులకు నిజమైన ఫొటోలే ఉన్నాయి, వాటిని మాత్రం వేయరు. నా బాధ అదే.

గ్రహాలు తయారవగా మిగిలిన రాళ్లు, మంచు ముద్దలు ఒకదాన్నొకటి గుద్దుకుని పిండైతే వచ్చే ధూళి ఇది. మరీ సన్నటి నలుసుల్ని నక్షత్రం వెలుగే బయటికి నెట్టేస్తుంది, కాస్త పెద్దవి మెల్లగా లోపలికి జారిపోతాయి, కాబట్టి కోట్ల ఏళ్ల వయసున్న నక్షత్రం దగ్గర ఇంకా ధూళి కనిపిస్తోందంటే అక్కడ గుద్దులాట ఇప్పటికీ నడుస్తోందన్నమాట. ఆ పక్కనే ఓ గ్రహమో, తోడు నక్షత్రమో తిరుగుతుంటే దాని గురుత్వాకర్షణ ఈ ధూళిని కుదురుగా ఉండనివ్వదు. తన దారికి దగ్గర్లో ఉన్నదాన్ని ఊడ్చేస్తుంది. కక్ష్య కోలగా ఉంటే వలయం మొత్తం ఓ పక్కకి జరుగుతుంది, వాలుగా ఉంటే డిస్క్ వంగుతుంది. గోధూళి చూసి మంద వస్తోందని చెప్పినట్టు, ఈ వంకరలు చూసి కనిపించని గ్రహాన్ని పట్టుకోవచ్చు.

పట్టుకున్నారు కూడా! సుమారు 63 కాంతి సంవత్సరాల దూరంలోని బీటా పిక్టోరిస్ అనే నక్షత్రం డిస్క్‌ను 1984లోనే ఫొటో తీశారు. దాని లోపలి భాగం కాస్త వాలి ఉందని 1990ల్లో హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ చిత్రాల్లో తేలింది, వాలు కక్ష్యలో ఓ పెద్ద గ్రహం ఉంటే ఇలా అవుతుందని లెక్క కట్టారు. 2003లో తీసిన చిత్రాల్లో ఆ గ్రహం కనిపించింది, 2010కి ఖరారైంది. గ్రహాన్ని చూడకముందే ధూళి దాని ఆచూకీ చెప్పేసింది, ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది?

అలాగని ప్రతి ఖాళీకీ ఓ గ్రహాన్ని అంటగట్టకూడదు. ఫోమల్‌హాట్ అనే నక్షత్రం చుట్టూ ఉన్న ధూళి వలయం నడిబొడ్డు ఆ నక్షత్రం దగ్గర కాకుండా, భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి దాదాపు 15 రెట్లు పక్కకి ఉందని 2005లో చెప్పారు. 2008లో అక్కడ గ్రహం దొరికిందన్నారు. ఆ చుక్క తర్వాత మసకబారి మాయమైంది, అది రెండు మంచు ముద్దలు గుద్దుకుంటే లేచిన ధూళి మేఘం కావచ్చని 2020లో వచ్చిన విశ్లేషణ. అభిజిత్ నక్షత్రం సంగతి మరీ వింత, 2024లో వెల్లడైన జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ చిత్రాల్లో దాని డిస్క్ దాదాపు నునుపుగా ఉంది, పెద్ద గ్రహాలు కెలికిన జాడే లేదు.

గ్రహం దొరికిందన్న వార్త మొదటి పేజీలో వేసి, అది కాదని తేలిన వార్త వేయకపోతే చదివే పిల్లలకు ఏం తెలుస్తుంది? దయచేసి ఈ ఫొటోలు వేయండి. వేసినప్పుడు, మధ్యలో నల్లగా ఉన్నది గ్రహణమో రంధ్రమో కాదని, నక్షత్రం వెలుగు ధూళిని కనబడనివ్వదు కాబట్టి టెలిస్కోప్‌లో అడ్డుపెట్టిన తెర అని కింద ఒక్క వాక్యం రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు