కాశీలో గది బుక్ చేసే ముందు

సంపాదకులకు నమస్కారం.

కాశీ వెళ్లే తెలుగువాళ్లు ‘ఘాట్‌కు 200 మీటర్లు’ అన్న మాట చూసి గది తీసేసుకుంటున్నారు. ఆటో దిగిన చోటు నుంచి హోటల్ గుమ్మం దాకా ఎంత నడవాలో ముందు అడగాలి. దశాశ్వమేధ ఘాట్ వెనక గల్లీల్లోకి ఆటో రాదు. రద్దీ రోజుల్లో గొదౌలియా కూడలికి ముందే ఆపేస్తారు. అక్కడి నుంచి ఎగుడుదిగుడు రాతి పలకల మీద, ఆవుల్నీ బైకుల్నీ తప్పించుకుంటూ నడక. చక్రాల సూట్‌కేసు దొర్లదు, మోయాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే కేదార్ ఘాట్ వైపు, సోనార్‌పురా రోడ్డుకు దగ్గర్లో చూసుకోవడం మేలు.

ఫోన్ చేసి లిఫ్ట్ ఉందా, గది ఏ అంతస్తులో, సామానుకు మనిషిని పంపుతారా అని అడగండి. పాత ఇళ్లను హోటళ్లుగా మార్చిన చోట మెట్లు ఇరుకు, నిటారు. కొన్ని గదుల కిటికీ లోపలి వసారాలోకే తెరుచుకుంటుంది, గాలాడదు. ‘గంగ కనిపించే గది’ అంటే ఆ గది నంబరుతో సహా ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకోండి. వానాకాలంలో గంగ పొంగితే ఘాట్ల మెట్లు మునిగిపోయి ఒడ్డు వెంట నడిచే దారి ఉండదు.

రోజుకు 7,500 రూపాయల లోపు గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే. పాత 12 శాతం వేస్తే బిల్లు దిద్దించుకోండి.

మీ యాత్రల పేజీలో అద్దెలతో పాటు ఆటో ఆగే చోటు, లిఫ్ట్ వివరం కూడా ప్రచురించాలని మనవి.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం