ఫిట్టింగ్ తప్పు కాదు, మీ ఎడమ కమాను కట్ట తప్పు

విజయవాడ

కస్టమర్ సర్వీస్ విభాగం అధికారి గారికి,

విషయం: మీరు పంపిన హెవీ డ్యూటీ వెనక కమాను కట్టల (లీఫ్ స్ప్రింగుల) జతలో ఎడమ కట్ట సెంటర్ బోల్టు (పట్టాలన్నిటినీ కలిపి పట్టే బోల్టు) రంధ్రం తప్పు చోట ఉండటం, దానివల్ల బండి వెనక హౌసింగ్ (వెనక చక్రాల ఇరుసు తొడుగు) వంకరగా కూర్చోవడం గురించి.

అయ్యా,

మీరు పంపిన ఈమెయిల్ చదివాను. ఇది ఫిట్టింగ్ లోపమనీ, వారంటీ వర్తించదనీ రెండు లైన్లలో తేల్చేశారు. ఆ ఫిట్టింగ్ చేసింది ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా కమాను పని చేస్తున్న మేస్త్రీ గారు. మీ మెయిల్ ఆయనకు చదివి వినిపిస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇంకోసారి మొత్తం విప్పి చూద్దాం బాబూ, తప్పు నాదని తేలితే కూలి ఇవ్వొద్దు" అన్నారు. విప్పాం, చూశాం. తప్పు ఆయనది కాదు. ఎవరిదో కొలతలతో సహా కింద రాస్తున్నాను. ఈ ఉత్తరాన్ని కమాను కట్టలు తయారు చేసే మీ విభాగానికి తప్పకుండా పంపండి.

నాది చిన్న క్యాటరింగ్ పని. ముహూర్తాల రోజుల్లో గుండిగలు, గ్యాస్ పొయ్యిలు, బియ్యం బస్తాలు బండి వెనక వేసుకుని మంగళగిరి, గుంటూరు, తెనాలి తిరుగుతుంటాను. బరువుకు పాత కమాన్లు బాగా కిందికి దిగిపోతున్నాయని ఫిబ్రవరిలో ఒక అదనపు ఉక్కు పట్టా ఉన్న మీ కట్టల జత 18,500 రూపాయలకు కొన్నాను. మేస్త్రీ గారే బిగించారు. వెనక బాగా లేచింది, గుంతల్లో దెబ్బ తగ్గింది. ఆ సంగతి దాచను, ఆ విషయంలో మీ సరుకు మంచిదే.

మర్నాడే గుంటూరు వెళ్తూ వారధి దిగి హైవే ఎక్కాక గమనించాను, బండి నేరుగా పోతోంది కానీ స్టీరింగ్ మాత్రం ఎడమకు తిరిగి ఉంది. వదిలితే ముక్కు కుడికి పోతోంది. కాజ టోల్‌గేట్ దాటేసరికి చెయ్యి నొప్పి పుట్టింది. అలైన్‌మెంట్ షాపు వాళ్లు మొదట రోడ్డు వాలు అన్నారు. మన రోడ్లకు వాలు ఎడమవైపు ఉంటుంది. వాలే కారణమైతే బండి ఎడమకు జారాలి, నాది కుడికి లాగుతోంది. ఆ మాటే చెబితే ముందు చక్రాల టో, అంటే అవి లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, సెట్ చేసి పంపారు. స్టీరింగ్ వంకర పోలేదు. రెండోసారి స్టీరింగ్ నిటారుగా కనిపించడానికి చక్రాన్ని స్టీరింగ్‌కు కలిపే టై రాడ్డును ఒకవైపే తిప్పారు. దాంతో టో చెడి, నెల తిరిగేసరికి ముందు టైర్ల మీద చెయ్యి ఒకవైపుకి రాస్తే నున్నగా, ఇంకోవైపుకి రాస్తే రంపంలా గరుకుగా తగలడం మొదలైంది. మూడోసారి టో సరిచేశారు, స్టీరింగ్ మళ్లీ ఎడమకే వచ్చింది. ఈలోగా గాలి చూశాం, ముందు టైర్లు అటూ ఇటూ మార్చాం, ఏ చక్రానికైనా బ్రేక్ పట్టేస్తోందేమోనని కాసేపు నడిపి డ్రమ్ములు చేత్తో తాకి చూశాం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

అసలు సంగతి బయటపడింది మా షెడ్డులో. గుండిగలు కడిగిన నీళ్లు గేటు దగ్గర పారి ఉన్నాయి. ఆ తడి మీదుగా బండిని తిన్నగా లోపలికి తోలాను. పొడి సిమెంటు గచ్చు మీద చక్రాల అచ్చులు పడ్డాయి. మామూలుగా వెనక చక్రం అచ్చు ముందు చక్రం అచ్చు మీదే పడాలి. ఇక్కడ ఎడమవైపు వెనక అచ్చు ముందుదానికి దాదాపు రెండు వేళ్ల వెడల్పు బయటికి పడింది. కుడివైపు అంతే లోపలికి. అంటే ముందు చక్రాలు ఒక దారి, వెనక చక్రాలు ఒక దారి. బండి పీతలా పక్కవాటుగా నడుస్తోందన్నమాట. నీళ్లు ఆరిపోయేలోపు సుద్దముక్కతో గీతలు గీసి ఫోన్‌లో ఫొటో తీశాను, జత చేశాను.

మరుసటి రోజు నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించాను. థ్రస్ట్ యాంగిల్ 0.57 డిగ్రీలు ఎడమకు అని ప్రింటు వచ్చింది. వెనక చక్రాలు బండిని తోసే దిశ బండి నడిమి గీత మీద ఉండకుండా అంత పక్కకు తిరిగిందని దాని అర్థం. అర డిగ్రీయే కదా అనిపించొచ్చు. కానీ ముందు చక్రాలు ఒక డిగ్రీ తిరగాలంటే స్టీరింగ్ సుమారు 17 డిగ్రీలు తిప్పాలి. ఆ లెక్కన స్టీరింగ్ దగ్గర అది పది డిగ్రీల వంకర. నేను రోజూ చూస్తున్నది సరిగ్గా అదే. షాపు కుర్రాడు, "వెనక సెట్టింగ్ ఉండదు సార్, హౌసింగే పక్కకు తిరిగింది" అన్నాడు. నాలుగు వారాల్లో మాకు దొరికిన మొదటి సరైన మాట అదే.

అక్కడి నుంచి తిన్నగా మేస్త్రీ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన మిషన్ నమ్మరు, తన చేతి కొలత నమ్ముతారు. స్టీరింగ్ నిటారుగా పెట్టి, తాపీ పనివాళ్ల తూకం గుండును నాలుగు చక్రాల హబ్ మధ్య నుంచి దారంతో వేలాడదీసి నేల మీద గుర్తులు పెట్టారు. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి బండి పుస్తకంలో ఉన్న దూరం 2680 మిల్లీమీటర్లు. మాకు కుడివైపు 2678, ఎడమవైపు 2692 వచ్చింది. ఛాసిస్ వంగిందేమోనని కమాను ముందు బ్రాకెట్ల నుంచి వెనక బ్రాకెట్లకు మూలమూలలా కొలిచారు. రెండూ సమానం. ఛాసిస్ మంచిదే. ఇక ఒక్కో కమాను ముందు కన్ను, అంటే పట్టా చివర చుట్టిన రంధ్రంలోని బోల్టు నుంచి హౌసింగ్ దాకా కొలిస్తే, ఎడమవైపు 10 మిల్లీమీటర్లు ఎక్కువ. కమాన్లు రెండూ మీటరు దూరంలో, చక్రాలు 1400 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి కాబట్టి కమాను దగ్గర 10 తేడా చక్రాల దగ్గరికి వచ్చేసరికి 14 అవుతుంది. ఎడమ చక్రం 12 వెనక్కి పోయింది, కుడి చక్రం 2 ముందుకు వచ్చింది. 1400కి 14 తేడా అంటే అదే 0.57 డిగ్రీలు. తూకం గుండు చెప్పిందీ, మిషన్ ప్రింటులో వచ్చిందీ ఒకటే.

ఈ కొలతలన్నీ అప్పుడే మీకు పంపాను. దానికి మీ టెక్నికల్ సపోర్ట్ వారు ఫోన్‌లో, హౌసింగ్‌ను కమానుకు బిగించే యూ బోల్టులు లూజు చేసి హౌసింగ్‌ను సుత్తితో ముందుకు కొట్టమన్నారు. అయ్యా, సెంటర్ బోల్టు తల హౌసింగ్ సీటు మీది గుంటలో కూర్చుని ఉంటుంది. అది కూర్చున్నాక హౌసింగ్ జరగదు, జరగకూడదు. జరిగిందంటే ఆ బోల్టు తెగిందన్నమాట. కుదరకపోతే సీటు గుంటను గ్రైండింగ్ చేసి పెద్దది చేసుకోమని కూడా అన్నారు. అలా చేస్తే హౌసింగ్‌ను పట్టి ఉంచేది యూ బోల్టుల బిగువు ఒక్కటే. గుంటూరు రోడ్డు మీద నిండు లోడుతో గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు అది జరిగితే ఏమవుతుందో ఊహించడానికే భయం వేస్తోంది. ఈ సలహా ఇంకెవరికీ ఇవ్వకండి. నేను ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం ఇదే.

సుత్తితో కొట్టేందుకు మేస్త్రీ గారు ఒప్పుకోలేదు. ఆ సంగతి మీకు తెలియజేశాక వచ్చిందే ఫిట్టింగ్ లోపమన్న మెయిల్. చక్రాలు గాల్లో ఉండగా కమాను కళ్లలోని రబ్బరు బుష్‌ల బోల్టులు బిగించి ఉంటారని అందులో రాశారు. ఆయన బండి బరువు చక్రాల మీద పడ్డాకే బిగించారు, నేను పక్కనే ఉన్నాను. గాల్లో బిగించినా బుష్ రబ్బరు మెలిపడి త్వరగా చెడుతుందే గానీ హౌసింగ్ 10 మిల్లీమీటర్లు వెనక్కి పోదు.

ఆ మెయిల్ వచ్చిన రోజే రెండు కట్టలూ దించాం. షెడ్డు ముందు గోనెసంచి పరిచి పక్కపక్కన పెట్టి, ముందు కళ్లు రెంటిలోంచి ఒకే రాడ్డు దూర్చాం. కళ్లు ఒకే వరసలోకి వచ్చాయి, సెంటర్ బోల్టు తలలు రాలేదు. ఒకటి ఇక్కడ, ఇంకొకటి చిటికెన వేలి వెడల్పంత వెనక. మేస్త్రీ గారు కూర్చున్న చోటి నుంచి లేవకుండా ఆ రెండు తలల వైపే చూస్తూ ఉండిపోయారు.

ఇనుప టేపు పట్టా వంపు మీద సరిగా ఆనదని పక్కన సీటు కవర్లు కుట్టే షాపు నుంచి గుడ్డ టేపు తెప్పించారు. మెయిన్ పట్టా వెంబడి కంటి నుంచి కంటికి రెండు కట్టలూ 1240 మిల్లీమీటర్లే. కుడిదానికి ముందు కంటి నుంచి సెంటర్ బోల్టు 602, అక్కడి నుంచి వెనక కంటికి 638. ఎడమదానికి 612, 628. కట్ట తిరగేసి బిగించారని మీరు అంటారేమో, అలా బిగిస్తే ముందు దూరం 628 అయ్యేది, 612 వచ్చేది కాదు. నా పాత కమాన్లు కూడా కొలిచాం. రెండూ 602. పొడవు సరే, వంపు సరే, రంధ్రం మాత్రం 10 మిల్లీమీటర్లు వెనక పడింది. రెండు కట్టల మీదా స్టిక్కర్ నంబర్ ఒకటే ఉంది కాబట్టి బయటి నుంచి చూసి పసిగట్టే దారి కొన్నవాడికీ లేదు, బిగించినవాడికీ లేదు.

అదే రోజు పాత కమాన్లు తిరిగి ఎక్కించాం. అదే మేస్త్రీ గారు, అవే పనిముట్లు. మళ్లీ నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయిస్తే థ్రస్ట్ యాంగిల్ 0.02 వచ్చింది. స్టీరింగ్ నిటారుగా ఉంది. రెండు ప్రింట్లూ జత చేశాను.

నాకు మీ నుంచి కావలసినవి ఇవి. ముందుగా, ఫిట్టింగ్ లోపం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నట్టు రాతపూర్వకంగా ఇవ్వండి. అది నాకంటే మేస్త్రీ గారికి ముఖ్యం. రెండోసారి విప్పి బిగించినందుకు ఆయన ఇప్పటికీ కూలి తీసుకోలేదు, నేను 2,500 పక్కన పెట్టి ఉంచాను. మీ కాగితం చేతికొచ్చాకే ఆ డబ్బు తీసుకుంటానన్నారు. తర్వాత, పంపేలోగా ముందరి కంటి నుంచి సెంటర్ బోల్టు దాకా కొలిచి, ఆ కొలత రాసిన కాగితంతో కొత్త జత పంపండి. పాడైన రెండు ముందు టైర్లకు 13,600, అలైన్‌మెంట్లకు 4,800, రెండుసార్ల కూలి 5,000, బండి ఆగిన రోజుల్లో నాలుగు పెళ్లిళ్లకు అద్దె వ్యాన్‌కు 12,000, మొత్తం 35,400 రూపాయలు చెల్లించండి. రసీదులున్నవాటికి కాపీలు పెట్టాను. అన్నిటికంటే అవసరమైనది, ఇదే బ్యాచ్‌లో తయారైన మిగతా కట్టలు కొలిపించండి. నాలాగే ఎవరో ఒకరు ఈ రోజు కూడా స్టీరింగ్ వంకరని అలైన్‌మెంట్ షాపుల చుట్టూ తిరుగుతూ ఉండొచ్చు, ఏ మేస్త్రీనో తిడుతూ ఉండొచ్చు.

పరీక్షకు కట్టలు వెనక్కి పంపమని అడిగారు. నా దగ్గరున్న సాక్ష్యం అవే కాబట్టి ఊరికే పంపలేను. మీ ఇంజనీరు ఎవరైనా ఆటోనగర్ వస్తే నా ముందు, మేస్త్రీ గారి ముందు కొలిచి, కొలతల కాగితం మీద సంతకం చేసి తీసుకెళ్లవచ్చు. కట్టలు రెండూ గోనెలో చుట్టి షెడ్డులో భద్రంగా ఉంచాం.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా జవాబు రాకపోతే విజయవాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే ఊళ్లోనే వేయవచ్చు, అందుకు రెండేళ్ల గడువు ఉంది. లోపమున్న వస్తువుకు తయారీదారుడి బాధ్యత ఏమిటో కూడా అదే చట్టంలో ఉంది. క్యాటరింగ్ నా సొంత జీవనోపాధి కాబట్టి వాణిజ్య అవసరానికి కొన్నాడన్న అభ్యంతరం నిలవదని వకీలు గారు చెప్పారు. అంతదాకా వెళ్లాలని నాకు లేదు. వైశాఖం ముహూర్తాలకు ఆర్డర్లు ఒప్పుకున్నాను, ఆ బరువు పాత కమాన్లు ఎన్నాళ్లు మోస్తాయోనని టెన్షన్‌గా ఉంది. సరైన జత ఆలోగా అందేలా చూడండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
విజయవాడ

జత చేసినవి: కొనుగోలు బిల్లు, చక్రాల అచ్చుల ఫొటో, కట్టలు పక్కపక్కన పెట్టి కొలిచిన ఫొటోలు, రెండు అలైన్‌మెంట్ ప్రింట్లు, ఖర్చుల రసీదులు.