కార్డు తీసేశాక ఆ ఇంటివైపు ఎవరైనా వెళ్లారా?

తెలంగాణ పౌరసరఫరాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. కొత్త రేషన్ కార్డులు ఇస్తున్నందుకు ముందుగా థాంక్స్, ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లకు అదేం చిన్న విషయం కాదు, పైగా ఇప్పుడు సన్నబియ్యం. నేను అడగాలనుకున్నది మాత్రం కార్డు పోయినవాళ్ల సంగతి.

నేను మీసేవ సెంటర్ నడుపుతాను. కార్డు కట్టయిందని వచ్చేవాళ్లలో చాలామందికి ఆ విషయం డీలర్ దగ్గర వేలిముద్ర వేసినప్పుడే తెలుస్తుంది. ఊళ్లో ఆదాయ పరిమితి ఏడాదికి లక్షన్నర, అంటే నెలకు 12,500. కొడుకు హైదరాబాద్‌లో ఏదో గోడౌన్‌లో 16 వేలకు చేరాడంటే కాగితం మీద ఆ కుటుంబం పేదరికం దాటేసినట్టే! రూమ్ అద్దె, మెస్ బిల్లు పోగా వాడు ఇంటికి పంపేదెంతో మీకు తెలియంది కాదు. నలుగురున్న ఇంట్లో నెలకు 24 కిలోల బియ్యం పోతాయి, అక్కడితో ఆగితే ఎలాగోలా నెట్టుకొస్తారు, కానీ 500కే గ్యాస్, 200 యూనిట్ల ఉచిత కరెంటు, ఇందిరమ్మ ఇల్లు, అన్నిటికీ మొదట అడిగేది ఆ కార్డునే. అసలు భయం ఆరోగ్యశ్రీ. 10 లక్షల దాకా వైద్యం అందే ఇల్లు ఒక్కసారిగా ఏమీ లేని ఇల్లవుతుంది, పెద్దాయనకు స్టెంట్ వేయాలంటే మూడు రూపాయల వడ్డీకి అప్పు తేవాల్సిందే.

అందుకే "మావోడి పేరు కార్డులోంచి తీసెయ్యి అన్నా, జీతం ఎక్కడా కనపడొద్దు" అని అడుగుతారు. వాళ్లను నేను తప్పుపట్టలేను.

ఇక కంప్యూటర్ పొరపాట్లు సరేసరి, అదే పేరున్న వేరే ఎవరిదో కారు వీళ్ల ఖాతాలో చూపించినవి కూడా ఉన్నాయి. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టే చెప్పాల్సొచ్చింది. అప్పటిదాకా ఆ ఇళ్లలో ఏం తిన్నారో ఎవరైనా రాసిపెట్టారా?

అమెరికాలో 1996లో సంక్షేమ చట్టం మార్చాక, సాయం ఆగిన కుటుంబాలను చాలా రాష్ట్రాలు వెతికి మరీ అడిగాయి, పని దొరికిందా, అద్దె కట్టగలుగుతున్నారా, తిండికి ఇబ్బందా అని. సగానికి పైగా ఏదో పనిలో ఉన్నారు, అయినా చాలామంది పేదరికంలోనే ఉన్నారని తేలింది. ఆ చట్టం మంచిదని నేననను, అడగడం మాత్రం మంచి పనే.

మీరూ అడిగించండి సార్. కార్డు తీసే ముందు నోటీసు ఇంటికి రావాలి. ఆదాయం పెరిగితే బియ్యం ఆపండి, ఆరోగ్యశ్రీ మాత్రం ఇంకో రెండేళ్లు ఉంచండి. ఆర్నెల్ల తర్వాత మండలానికి కొన్ని ఇళ్లకైనా మనిషిని పంపి, వచ్చిన రిపోర్టు బయటపెట్టండి. ఎన్ని కార్డులు ఇచ్చారో ప్రెస్‌మీట్‌లో చెబుతున్నారు కదా, ఎన్ని తీసేశారో, ఎందుకు తీసేశారో కూడా అక్కడే చెప్పండి.

ఇట్లు,
ఒక మీసేవ నిర్వాహకుడు