హుస్సేన్‌సాగర్ పాచి గురించి మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

ఎండలు ముదిరాయి, ట్యాంక్‌బండ్ మీద కంపు మళ్లీ మొదలైంది. కారు అద్దాలు ఎక్కించుకుని వెళ్తారు కాబట్టి తమరిదాకా వచ్చి ఉండదు. నెక్లెస్ రోడ్డు వైపు నీళ్ల మీద పెయింటు డబ్బా ఒలికినట్టు పచ్చటి తెట్టు. గట్టు రాళ్ల దగ్గర అది మందంగా పేరుకుని, ఎండకు కుళ్లి, అంచుల్లో నీలంగా మారుతోంది.

అర్జీలు పెట్టుకున్నాం. స్టాంపు వేసిన రసీదులున్నాయి. ఎప్పుడడిగినా ఒకటే జవాబు: "మందు చల్లిస్తున్నాం." చల్లుతున్నారు సార్, కాదనట్లేదు. కొన్నాళ్లు వాసన తగ్గుతుంది, పేపర్లో ఫొటో పడుతుంది, మళ్లీ మామూలే. మేం అడిగింది మందు సంగతి కాదు. ఈ పాచిలో విషం ఎంతుంది? ఎందుకింత పెరుగుతోంది?

ఈ చెరువులో మైక్రోసిస్టిస్ అనే విషపు పాచి ఉందని పరిశోధకులు ఎప్పుడో రాశారు. దాని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, నీళ్లు కాచినా పోదు. పైగా పాచిని ఒక్కసారిగా చంపితే కణాలు పగిలి, లోపలి విషమంతా నీళ్లలో కలుస్తుంది. మరి చల్లే ముందు, చల్లాక పరీక్ష చేయించారా? చేయిస్తే ఆ కాగితం మాకెందుకు చూపించరు? వాసన పోతే విషం పోయినట్టేనా?

ఆ నీళ్లు ఎవరు తాగుతున్నారని మీవాళ్లు అంటారు. తాగట్లేదు సార్. గాలం వేసేవాళ్లున్నారు, నిమజ్జనానికి దిగే పిల్లలున్నారు. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడోలో ఈ విషం వల్లే 4 లక్షల మందికి పైగా కుళాయి నీళ్లు తాగొద్దన్నారు. ఇప్పుడు ఆ ఊరికి నీళ్లిచ్చే ఈరీ సరస్సులో పాచి ఏ మేరకు వస్తుందో అక్కడ ముందే చెబుతున్నారు. మనకు ముక్కే ఆధారం.

మురుగునీరు శుద్ధి చేసే ఎస్టీపీలు కట్టామంటారు, సంతోషం. చెరువులోకి మురుగు తెచ్చే కూకట్‌పల్లి నాలా ఇవాళే ఆగిపోయినా, ఏళ్లుగా అడుగున పేరుకున్న బురద పాచికి మేతయిన ఫాస్ఫరస్‌ను వదులుతూనే ఉంటుంది. నాలా వాటా ఎంత, బురద వాటా ఎంత? అది తేల్చకుండా కోట్లు ఎక్కడ పోస్తున్నట్టు? చెరువును ఖాళీ చేసి మంచినీళ్లు నింపుతామన్న మాట కూడా తెలంగాణ వచ్చిన కొత్తలో విన్నాం, ఇంకా మర్చిపోలేదు.

దయచేసి పరీక్షలు చేయించండి. వారం వారం రిపోర్టు ట్యాంక్‌బండ్ మీద బోర్డు పెట్టి అంటించండి, విగ్రహాల మధ్య కావలసినంత చోటుంది. ఈసారి జవాబులో మాత్రం మందు పేరు వద్దు సార్, అంకెలు రాయండి.

ఇట్లు,
సాగర్ ఒడ్డున ఉంటున్న ఒక పౌరుడు