పోస్టుమన్ సంచీలో తుపాకి

సంపాదకుడిగారికి,

నమస్కారం. ప్రేక్షకులు థియేటర్లకు ఎందుకు ముఖం చాటేస్తున్నారంటూ ఈ నెల మొదట్లో మీ జిల్లా సంచికలో అర పేజీ వ్యాసం వేశారు. కోపం చల్లారాక జవాబు రాద్దామని ఆగాను. పన్నెండు రోజులైంది, చల్లారలేదు. ఫోన్లు, ఇళ్లలో పెద్ద టీవీలు, పాప్‌కార్న్ ధర, బండి నిలుపుకునే చోటు లేకపోవడం, చివరికి వానలు కూడా కారణమేనని మీ విలేకరి తేల్చారు. తెర మీద ఏమి చూపిస్తున్నారన్న ఒక్క సంగతి మాత్రం వదిలేశారు.

ఏ సినిమా గురించి ఈ బాధంతా అని ఎవరూ అడగరనుకుంటాను. ఖాకీ చొక్కా, భుజాన సంచీ, వెనక సముద్రం ఉన్న ఆ బొమ్మ దసరాకు నెల ముందు నుంచే మా కావలి గోడల మీద, ఆటోల వెనక, ఆఖరికి టీ కొట్టు తడిక మీద కూడా ఉంది. నేను ముప్పై నాలుగేళ్లు అదే చొక్కా తొడిగి, అదే సంచీ మోసినవాడిని. పోస్టుమన్ కథను తెరకెక్కించారంటే నాలాంటివాడు ఇంట్లో కూర్చుంటాడా?

సినిమావాళ్ల మాటలో చెప్పాలంటే 'పాయింట్' అద్భుతం. సముద్రం ఒడ్డున ఒక ఊరు. తెల్లవారేసరికి ఊరందరికీ జ్ఞాపకం పోతుంది. ఎవరి ఇల్లు ఏదో, ఎవరి బిడ్డ ఎవరో, ఎవరు ఎవరికి బాకీయో ఎవరికీ గుర్తుండదు. ఆ రాత్రి ఊళ్లో లేని పోస్టుమన్ ఒక్కడికే అన్నీ తెలుసు. ట్రైలర్‌లో అతడు ఇంటింటి తలుపూ తట్టి "నీ పేరు ఇది, ఇది నీ ఇల్లు" అని చెబుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే పోస్టుమన్‌కు నిజంగానే అన్నీ తెలుసు. ఏ ఇంటికి కోర్టు నోటీసు వచ్చిందో, ఏ ఇంటికి బ్యాంకు నుంచి రెండో ఉత్తరం వచ్చిందో, పుట్టింటి ఉత్తరం అత్తగారి కంట పడకుండా ఇమ్మని ఏ కోడలు బతిమాలుకుందో, అన్నీ తెలుసు. తుమ్మలపెంట దారిలో, నా బీట్‌లో, ఒక ముసలమ్మ ఉండేది. కొడుకు సైన్యంలో ఉండేవాడు. ఉత్తరం రాని నెలల్లో పాతదే పెట్టెలోంచి తీసి చదవమనేది. తేదీ దగ్గరికి వచ్చేసరికి నాకు దగ్గు వచ్చేది. ఆమెకూ తెలుసేమో, తేదీ ఎన్నడూ అడగలేదు.

అలాంటి మనిషి చేతికి ఊరందరి గతమూ వచ్చిందనుకోండి. అప్పు సంగతి మరిచిపోయి హాయిగా నిద్రపోతున్న రైతుకు అది గుర్తు చేయాలా, వద్దా? ఇరవై ఏళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు గొడవ మరిచిపోయి ఒకే అరుగు మీద చేరి కబుర్లాడుతుంటే, గట్టు తగాదా సంగతి ఎత్తాలా? ఊరి ప్రెసిడెంటు ఎవరో ప్రెసిడెంటుకే గుర్తు లేకపోతే ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలి? ట్రైలర్ వచ్చిన రోజు నుంచి మా ఇంట్లో భోజనాల దగ్గర ఇదే చర్చ. కొడుకు పోయిన సంగతి మరిచిపోయిన తల్లికి మాత్రం దాన్ని మళ్లీ చెప్పకూడదని మా ఆవిడ తీర్పు కూడా ఇచ్చేసింది. అసలు సినిమా చూడకముందే మేము నాలుగు సినిమాలు చూసేశాం.

ఇక అసలు సినిమా. నెల్లూరులో అబ్బాయి ఇంటికి వెళ్లి, అయిదుగురం కలిసి, పండగ వారం పెంచిన ధరకు టికెట్లు కొన్నాం. మొదటి ఇరవై నిమిషాలు బాగానే నడిచింది, ఒక్క తప్పు మినహా. రిజిస్టరు ఉత్తరాన్ని సంతకం తీసుకోకుండా ప్రహరీ మీదుగా లోపలికి విసిరాడు. "వీడి ఉద్యోగం ఊడింది" అన్నాను. పక్కనున్న మనవడు నవ్వాడు. ఆ తరువాత నవ్వుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు. జ్ఞాపకం పోయిన అమ్మాయి పోస్టుమన్‌తో మంచు కొండల మీద పాట అందుకుంది. పాపం, ఆమెకు తన పేరు గుర్తు లేదు గానీ పల్లవి, రెండు చరణాలు, అడుగులు అన్నీ గుర్తున్నాయి. విరామం దగ్గర పడుతుండగా పోస్టుమన్ సంచీని నేల మీద బోర్లించి అడుగునున్న తుపాకి తీశాడు. అతడు పోస్టుమనే కాదట, మారువేషంలో ఉన్న పోలీసు అధికారట. ఊరికి మతిమరుపు వచ్చింది ముంబయిలో ఉండే విలన్ నీళ్లలో మందు కలిపించడం వల్లనట. థియేటరంతా ఈలలు. నేను మాత్రం నేల మీద పడిన ఉత్తరాలనే చూస్తున్నాను. నీలం రంగు ఇన్‌లాండ్ ఒకటి, రెండు కార్డులు, పొడుగాటి గోధుమరంగు కవరు. వాటిని తొక్కుకుంటూ బూట్లు నడిచిపోయాయి.

రెండో సగంలో ఊరే లేదు. అన్నదమ్ములు లేరు, అరుగు లేదు. కార్లు గాల్లోకి లేచాయి, ఒక కర్మాగారం పేలింది, మరో పాట వచ్చింది. చివర్లో విలన్ తప్పించుకున్నాడు. ఊరికి జ్ఞాపకం తిరిగి వచ్చిందో లేదో రెండో భాగంలో చూడమన్నారు. లైట్లు వేశాక కూడా మా ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. "ఇంతకీ ఆ ఉత్తరాలు ఎవరికి వచ్చినవి?" అంది. దీనికి మీ పత్రిక మూడు నక్షత్రాలు ఇచ్చింది. అందులో ఒకటి 'కొత్త పాయింట్' కోసమట.

చెత్త సినిమాలు మాకు కొత్త కాదు. వాటికి వెళితే చల్లగా రెండు గంటలు నిద్రపోయి వస్తాం, ఎవరినీ ఒక్క మాట అనం. మంచి విత్తనం తెచ్చి, మొలక రాకముందే దున్నేసినవాడి మీదే నా కోపం. ఇంకో పదేళ్ల దాకా ఏ కుర్రాడైనా ఇలాంటి కథ పట్టుకుని నిర్మాత గుమ్మం ఎక్కితే "అది వచ్చేసింది కదయ్యా" అని అక్కడి నుంచే పంపేస్తారు.

అనుకున్న కథను ఆఖరి దాకా నడపడం అసాధ్యమేమీ కాదు. మా నెల్లూరు జిల్లాలో పుట్టిన దర్శకుడు సింగీతం శ్రీనివాసరావుగారు 1987లో మాటల్లేని సినిమా అని చెప్పి 'పుష్పక విమానం' తీశారు. మధ్యలో ధైర్యం చాలక హీరో చేత నాలుగు డైలాగులు పలికించలేదు. 1991లో 'ఆదిత్య 369'లో కాలయంత్రం ఉందన్నారు. అది రాయలవారి కాలానికీ వెళ్లింది, భవిష్యత్తుకూ వెళ్లింది. ఇప్పటివాళ్ల చేతిలో పడితే విరామం దాకా గోదాములోనే ఉండేది. ఆ సినిమాను సమర్పించిన గాయకుడు బాలసుబ్రహ్మణ్యంగారూ నెల్లూరు మనిషే. ఇంకా వెనక్కి పోతే, నన్నయ భారతాన్ని రెండున్నర పర్వాల దగ్గర ఆపితే, విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు నెల్లూరు తిక్కన రాశాడు. నడుమ మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఎర్రన పూరించాడు. పక్కవాడు వదిలేసినదాన్ని కూడా పూర్తి చేసిన నేలండీ ఇది. ఇక్కడికి వచ్చి సగం కథ చూపించి, పైగా అదనపు ధర!

ఆ ధర సంగతీ చెప్పాలి. హీరో, హీరోయిన్, దర్శకుల పారితోషికాలు కాక వంద కోట్లు దాటి ఖర్చయిన సినిమాకు మొదటి పది రోజులు రేటు పెంచుకోవచ్చని 2022 మార్చిలో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఖర్చు లెక్క అడిగారు, బాగానే ఉంది. ఆ ఖర్చులో కథకు ఎంత పెట్టారని అడిగిన అధికారి ఉన్నాడా? విడుదల ముందు రాత్రికల్లా రేట్ల ఉత్తర్వు వచ్చేస్తుంది. మా వీధి కాలువలో పూడిక తీయమని నేను ఒక కార్యాలయంలో ఇచ్చిన అర్జీకి మూడు వానాకాలాలు గడిచాయి. కాలువకు అభిమాన సంఘం లేదు కదా.

పోనీ కోర్టుకు వెళదామంటే ఆ తలుపూ మూసేశారు. ఒక హిందీ సినిమా ట్రైలర్‌లో చూపిన పాట సినిమాలో లేదని ఒక ప్రేక్షకురాలు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి, పది వేల రూపాయల పరిహారం గెలిచారు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రచార చిత్రం వాగ్దానం కాదని, దానివల్ల ఒప్పందమేదీ ఏర్పడదని చెప్పింది. సరే, న్యాయమూర్తుల మాటకు తల వంచుతాను. అక్కడ పోయింది ఒక్క పాట, ఇక్కడ ఊరు ఊరే పోయింది.

ఒక్క సినిమావాళ్లనే అనడం కూడా అన్యాయమేమో. దుగరాజపట్నం ఓడరేవు 2014 విభజన చట్టంలోనే ఉంది. మొదటి దశ 2018 చివరికల్లా అన్నారు. ట్రైలర్ అదిరిపోయింది. మా పక్కనే ఉన్న రామాయపట్నం రేవుకు 2019 జనవరిలో ఒక ముఖ్యమంత్రి, 2022 జులైలో ఇంకో ముఖ్యమంత్రి పూజ చేశారు. ఒకే బొమ్మకు రెండు ముహూర్తాలు, రెండుసార్లూ జనానికి బస్సులు, పులిహోర పొట్లాలు. శంకుస్థాపన రాళ్లు వేసేవాళ్లూ, మా పోస్టుమన్ సినిమా తీసినవాళ్లూ ఒకే బడిలో చదువుకున్నట్టున్నారు.

రెండో భాగం సంక్రాంతికి తెస్తారట. దానికీ మీరు అర పేజీ కేటాయిస్తారని తెలుసు. మీ విలేకరి ఆ దర్శకుణ్ణి కలిసినప్పుడు బడ్జెట్, పాటలు, హీరోగారి కష్టం అన్నీ అడిగాక, ఆ ఉత్తరాలు ఎవరైనా ఏరారా అని కూడా ఒక్క మాట అడగమనండి. జవాబు కార్డు ముక్క మీద రాసి పంపినా చాలు. ఇప్పటికీ అర్ధ రూపాయే, సంతకం తీసుకునే పని కూడా లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత పోస్టుమన్,
కావలి